కుక్కర్ రబ్బరు

సాగిపోయిన కుక్కర్ రబ్బరు పారేయబోతే
గోడ మీద నుంచి చెయ్యి చాపింది కాశింబి.
"ఇట్లియ్యి, బాయి కావాల నాకు."

నాలుగు నెలల్నుంచి ఆమె వసారాలో
ఒక పాత దుప్పటి యాలాడుతోంది.
గుంతకల్లు రైల్వేగేటు అవతల
మా ఈది మొత్తం దాని మీదనే ఉంది.
టీ వడగట్టే జాలీ, హుసేనప్ప కిటికీ.
మా నాయన ఛాతీ ఎక్స్‌రే
కత్తిరించి పైన పరిస్తే రాత్రి.
రైలుపట్టాకు తెగిన జిప్పు.
"స్పంజి పరుపుది," అంది నవ్వకుండా.
"మా పని తిన్నది ఇదే.
ఇప్పుడు నా కింద పనిచేస్తాంది."

పెండ్లినాటి ధర్మవరం అంచు
యాడ కుట్టిందో ఎంత ఎతికినా కనపడలా.
తిప్పి చూపించింది: వెనకాల, గోడవైపు.
"బరువాపేది అదే."

కడాకు దూదేకే విల్లు నారి విప్పింది.
ఆయన పోయినంక ఎవరూ మీటలేదు దాన్ని.
సూదిబెజ్జంలో దూరదు.
సబ్బు రాసింది, పండ్లతో కొరికింది,
గోనెసూది మళ్లీ మా ఇంట్లోనే అడిగింది.
అంచు చుట్టూ కుడుతుంటే
లాగినప్పుడల్లా సన్నగా
టంయ్.

రబ్బరు బాయిలో ఇంకా నీళ్లు లేవు.
దండెం మీద నా నీలం జాకెట్టు వైపే
చూస్తాంది రెండు దినాల్నుంచి.
ఇయ్యను.
చంకలో చిరిగింది గానీ,
ఇంకో పండగన్నా కట్టుకోవచ్చు.

రేపు చూద్దాం.