రెండో కొలిమి

మొదటిది మూడు నెలలే బతికింది.
నూనె డబ్బా లోపల తెల్లదూది చుట్టి
కొలిమి అయిందనుకున్న.
వెలిగారం చల్లినప్పుడల్లా
అడుగున దూది చక్కెరలెక్క కరిగింది.
నేను దగ్గితే మంట దగ్గేది,
మంట దగ్గితే నేను.
ఒకనాడు పట్టకారు తగిలి
గోడంతా రాలి ఎర్రటి ఇనుము మీద పడ్డది.

మౌలాలి గుట్ట వెనక మా రేకుల షెడ్డు.
బొగ్గు ఆర్పమని
కొత్తగ లేచిన అపార్ట్‌మెంటోళ్లు
మూడుసార్లు ఒచ్చిండ్రు,
నాలుగోసారి
ఆరేసిన తెల్లచొక్కా పట్టుకొచ్చిండ్రు.
మా మేనత్త ఈశ్వరమ్మ దాన్ని వెలుగుకు పట్టి
"మంచి బొగ్గు మసి, ఉతికితే పోతది" అన్నది.
పోలే.
చొక్కా మా దగ్గర్నే ఉండిపోయింది.

ఫతేనగర్ పాతసామాన్ల గుట్టల్ల
జానెడున్నర వెడల్పు నీళ్ల పైపు ముక్క దొరికింది.
గోడ మందం చూసి గోటితో కొట్టిన,
గంటలెక్క మోగింది.
"ఇన్నేండ్లు మంజీర పారింది ఇందుల,
ఇగ నిప్పు పారించు" అని
కిలోకు రెండ్రూపాయలు తగ్గించిండు గఫూర్ భాయ్.

రాణిగంజ్‌ల రెడ్యూసరు, ముప్పావించు పైపు,
వెల్డింగు తుపాకి మొన ఒకటి,
చీమ కూడ దూరలేని రంధ్రం దానికి.
దాన్ని పైపు నడిమిట్ల సూటిగ నిలబెట్టనీకి
నాలుగు రాత్రులు.
వెంట్రుకవాసి ఒరిగినా
మంట పసుపు నాలుక చాపి వెక్కిరిస్తది.

దూది ఈసారి రెండు పొరలు,
ఒకదాని అతుకు ఇంకోదాని కింద దాక్కునేటట్టు.
మూతికి తడిగుడ్డ కట్టుకున్న,
దగ్గు నేర్పిన చదువు.
పైన బట్టీమట్టి,
మక్కగటకంత చిక్కగ కలిపి అరచేత మెత్తిన.
అడుగున పలక పరిచిన:
వెలిగారానికి ఆకలైతే ముందు దీన్ని తిననీ,
పలక మారుస్త గాని
కొలిమిని మళ్లా కట్ట.

ఆరనీకి ఎండ లేదు. శ్రావణం ముసురు.
లోపల నూరు వాట్ల బల్బు వెలిగించి మూత పెడితే
పైన పిల్లొచ్చి వెచ్చగ పండుకున్నది.
ఆరు రోజులు
పిల్లి లేస్తే లేచిన, పిల్లి పంటే పన్న.
"గుడ్డు పెట్టిందారా నీ పైపు?"
అత్త రోజూ ఇదే అడిగేది.

ఏడోనాడు సన్నమంట పెట్టి ఆర్పుతూ, పెట్టి ఆర్పుతూ
మట్టిల దాగిన ఆఖరి తడిని ఆవిరి చేసిన.
సాయంత్రం రెండు తలుపులు బార్ల తెరిచిన,
వాన లోపలికి కొట్టినా సరే,
కనపడని పొగ మనిషిని నిద్రలనే తీస్కపోతది.
ముందు మండే కాగితం, తర్వాత గ్యాసు.
తిరగేసినోళ్లకు కనుబొమ్మలుండవు.

భుస్సుమన్నది. లోపలంతా వెలుగు నిండింది.

అత్త మాత్రం మంట దిక్కు చూడలే.
నలభై ఏండ్లు తిత్తి గుంజి గుంజి
ఆమె కుడి భుజం కిందికి దిగిపోయింది.
"గాలెవరు ఊదుతున్నర్రా?"
"అదే గుంజుకుంటది అత్తా."
వెనకకు పోయి
బర్నరు నోటి కాడ అరచెయ్యి పెట్టింది,
పసిబిడ్డ ముక్కు కాడ పెట్టినట్టు.
కండ్లు మూసుకొని ఇన్నది.
"ఊపిరెక్కువైంది దీనికి"
అని గాలిమూత రెండు వేళ్లతో కొద్దిగ తిప్పింది.
మోత మారింది.
మంట నీలంగ ముడుచుకొని
లోపలి గోడ చుట్టూ తిరగబట్టింది.
నాలుగు రాత్రుల నా లెక్క
ఆమె చెవికి అర నిమిషం.

లారీ కమాను పట్టీ లోపల పెట్టిన,
ఖురేషీ కొట్టుకు కైమాకత్తి బాకీ ఉన్నది.
పట్టీ మోదుగుపూవైంది.
"ఆగు, ముందు మేకొకటి కొట్టు" అన్నది.
"ఎందుకు?"
చెప్పలే. సమ్మెట అందుకున్నది.

మేకు వంకరగ వచ్చింది.
"మంచిగనే ఉన్నది, జారదు" అని
చల్లారంగనే తనే గుంజకు దిగ్గొట్టి
ఆ తెల్లచొక్కా దానికి తగిలించింది.
"అడిగితే ఇద్దాం."