ఆరడుగుల తీగ

మోంటానా ఉత్తరపు అంచున, కోర్టు భవనం నేలమాళిగలో,
బాయిలరు గదిని ఆనుకుని టామరాక్ కౌంటీ చెవి.
బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద.
రెండు కప్పుల కాఫీ అయిపోయినా
నా స్క్రూడ్రైవరు పిడి ఇంకా మంచుముక్కే.

ర్యాకులో రేడియో బిగించాను.
వెనక ఇరవయ్యైదు కాళ్ల సాకెట్టు.
మాట వచ్చే జత, మాట పోయే జత,
మీట నొక్కారని చెప్పే ఒంటి తీగ.
తెలుపు-నీలం. తెలుపు-నారింజ.
ఒకసారి తప్పు కలిపాను,
అర్లిస్ నొక్కితే ఆమె గొంతు ఆమెకే తిరిగొచ్చింది.
"ఇది నాకు ఇంట్లో రోజూ ఉండేదే," అంది.

అర్లిస్ ట్వైట్. పంతొమ్మిదేళ్లుగా రాత్రి డ్యూటీ.
అల్లిక సూది కొప్పులోనే ఉంటుంది.
కొత్త కన్సోలు తెర తాకే ముందు
పిండి అంటినదానిలా వేళ్లు ప్యాంటుకి తుడుచుకుంటుంది.

ఆ తర్వాత తాళంచెవి.
అరచేతిలో పట్టే పెట్టె, పొట్టి కేబులు,
నాకు కూడా చూపించని అరవై నాలుగు అక్షరాలు.
షెరీఫ్ రెండు సంతకాలు పెట్టించుకుని గానీ చేతికివ్వలేదు.
టిక్ మని ఒక్క చప్పుడు. ఎక్కేసింది.
తాళానికి చెవి అని పేరు పెట్టినవాడెవడో
తెలిసే పెట్టాడు:
ఉన్నవాడికి మాట,
లేనివాడికి ఇసుక.

ఎందుకు మూస్తున్నారో తెలుసు నాకు.
నవంబరులో డ్రెస్లర్ వాళ్ల పిల్ల
ఇంట్లో పడిపోయిన రాత్రి
పేరు, ఇంటి నంబరు, ఎవరికీ చెప్పుకోని జబ్బు
అన్నీ గాల్లో వెళ్లాయి.
అంబులెన్సు కంటే ముందు జనం చేరారు వాకిట్లోకి.
ఇక మూయొద్దనడానికి నోరెలా వస్తుంది?

తెల్లవారుజామున నాలుగింటికి ఫోను.
అత్యవసరం లైను కాదు, మామూలుది.
"అర్లిస్, నీకేమైనా అయిందా?"

ఒరెన్ బక్‌హోల్ట్. ఎనభై ఒకటి.
కాటన్‌వుడ్ వాగు దారిలో చిట్టచివరి ఇల్లు.
వంటింట్లో ఫ్రిజ్ మీద స్కానరు.
"రాత్రి పదినించీ బుస్సుమంటోంది నీ గొంతు.
ఉన్నావో లేదో అని."

"ఉన్నాను ఒరెన్. మాకు తాళం వేశారు, అంతే."

అవతల కెటిల్ కూత. దింపిన చప్పుడు.
"మరి వాగు దారికి బండి వస్తుంటే
నాకెట్లా తెలుస్తుంది?"

ఆమె నావైపు తిరిగి చెప్పింది, రిసీవరు మూసి.
ముప్ఫై చలికాలాలుగా
ఆ దారి పేరు రేడియోలో వినబడితే చాలు,
అతను లేచి ట్రాక్టరు వేడిచేసి
మలుపు దాకా మంచు తోసి పెడతాడట.
ఎవరూ అడగలేదు. ఎవరూ డబ్బివ్వలేదు.
ఒక పురుడు, రెండు గుండెపోట్లు,
కాలు విరిగిన ఓ గుర్రాల డాక్టరు
అతను తోసిన దారిలోనే వెళ్లారు.

నా డ్రాయింగులో ర్యాకు ఉంది, కన్సోలు ఉంది,
టవరు, నలభై మూడు రేడియోలు.
ఫ్రిజ్ మీది పెట్టెకి ఏ గుర్తు గీయాలో
నాకెవరూ నేర్పలేదు.

అతనికి తాళంచెవి ఇవ్వొచ్చా అని ఆమె అడగలేదు.
నేనూ కాదనాల్సిన అవసరం రాలేదు.
గొంతు సవరించుకుని సంబంధం లేనిదొకటి చెప్పాను:
బండి నుంచి టవరుకి, టవరు నుంచి ఈ రేడియోకి
అంతా ఇసుకే నమ్మా.
ఇక్కడి నుంచి నీ బల్ల దాకా, ఇదిగో,
ఈ ఆరడుగుల రాగిలోనే
మాట మాటలా నడుస్తుంది.

ఆమె తీగని కాసేపు చూసింది.
కొప్పులో సూది సర్దుకుని
పసుపు కాగితం చింపి రాసింది:
వాగు దారి అయితే ఒరెన్‌కి ఫోను.
తెర అంచుకి అంటించింది.
తెరకి ఏదీ అంటించకూడదని నిబంధన.
నేను ఆ సమయంలో
శబ్దం మోతాదు సరిచేస్తున్నాను, చేయాల్సిందేమీ లేకపోయినా.

"ఒరెన్, ఇది పరీక్ష. వినబడుతోందా?"
"గట్టిగా, స్పష్టంగా."
కాస్త ఆగి,
ట్రాక్టరు బ్యాటరీ దిగిపోయిందని,
ఇప్పుడే చార్జికి పెడుతున్నానని చెప్పాడు.