ఎడమ చెయ్యి

మళ్ళీ పనిలోకొచ్చి ఇరవై రెండో రోజు.
చుట్టుగుంట దాటగానే ఆటోలో అందరూ
కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుంటారు.
నేను రొమ్ముల మీదుగా
ఇంకో రెండు మడతలు వేసుకుంటాను.
పది దాటితే తడుస్తుంది, నాకు తెలుసు.

మూడు నెలల పిల్ల ఆనందపేటలో, మా ఆడబిడ్డ ఒళ్ళో.
ఇక్కడ షెడ్డులో నా ముందు తేజ కాయల గుట్ట.
తొడిమ తీస్తే కిలోకి ఇంత.
కిలోకి బాలింతా తెలీదు, మామూలు మనిషీ తెలీదు.

మొదటి రోజు ఒంటిగంటకి
రెండు రొమ్ములూ రెండు రాళ్ళు.
బస్తాల వెనక గోడవైపు తిరిగాను.
సబ్బుతో మూడుసార్లు కడిగిన చేతులే.
ముట్టుకున్నాను.
ఆ మంట ఎవరికి చెప్పను?
పళ్ళు బిగించి పిండితే
రాలిన గింజల మీద తెల్లగా పడి, ఇంకిపోయాయి.
సాయంత్రం పిల్ల ఆత్రంగా నోరు పెట్టింది,
ఒక్క గుక్క,
విల్లులా వెనక్కి విరుచుకుంది.
ఆ ఏడుపు వీధి చివరిదాకా వినపడిందంట.

ఖాసింబీ నలుగురు బిడ్డల్ని ఈ పనిలోనే పెంచింది.
"సబ్బుకి పోద్దంటే పిచ్చిదానా?
ముందు నూనె, తర్వాత పెరుగు, ఆఖర్న సబ్బు.
అప్పటికీ నమ్మొద్దు.
ఒక చెయ్యి అసలు కాయ ముట్టకూడదు.
ఏ చెయ్యో నువ్వే తేల్చుకో."

ఎడమ చెయ్యి తేల్చుకున్నాను.
అప్పట్నించీ అది ఒళ్ళో, తడిగుడ్డలో చుట్టుకుని
పెళ్ళికొచ్చిన వియ్యపురాల్లా కూర్చుంటుంది.
కుడిచెయ్యి ఒక్కతే
రెండు వేళ్ళ మధ్య కాయ ఇరికించి
బొటనవేలి గోరుతో తొడిమ గిల్లి
విసిరి, ఇంకోటి తీసి.

ఇరవై కిలోల దాన్ని, పన్నెండుకొచ్చాను.
కాటా దగ్గర గుమస్తా చీటీ చూసి
"బాలింత సెలవు ఇంకా అయిపోలేదా?" అన్నాడు,
ఎవరో ఇచ్చినట్టు.

రెండో వారం గ్లాసులో అడుగైనా తడవలేదు.
నిజాంపట్నం నించి మా పిన్ని పాలసొర పంపింది.
పిట్టు వండుకుని తిన్నాను, వెల్లుల్లి తిన్నాను.
నీళ్ళు బాగా తాగమంది ఆశా కార్యకర్త.
తాగాక ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పలేదు.
ఎండిపోతున్నాయే అంటే
ఖాసింబీ తలెత్తకుండానే అంది:
"తోడితేనే బావి. నువ్వు మర్చిపోతే అదీ మర్చిపోద్ది.
వచ్చినా రాకపోయినా పదికోసారి, ఒంటిగంటకోసారి,
నాలుక్కోసారి పిండు."

పిండాను.
మూడు రోజులు ఊరికే, చుక్క కోసం.
నాలుగో రోజు సగం గ్లాసు.
ఆ సగం చూసి నవ్వొచ్చింది, ఎందుకో కళ్ళూ మండాయి.
మిరప ఘాటే అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

మూత బిగించిన స్టీలు డబ్బా, చుట్టూ తడిగుడ్డ.
ఒంటిగంటన్నరకి ఖాళీ క్యారేజీలు పట్టుకెళ్ళే మస్తాను
దారిలో మా గుమ్మంలో దింపుతాడు.
ఏముందని ఒక్కసారీ అడగలేదు.
గతుకులొస్తే మాత్రం
బండి దిగి నడిపించుకుపోతాడంట.

పొద్దు వాలేసరికి నా బుట్టలో
నేను తియ్యని కాయలు కొన్ని కనిపిస్తాయి.
ఖాసింబీ అటు తిరిగి ఆకు నములుతూ ఉంటుంది.

రాత్రంతా పిల్ల తాగుతూనే ఉంటుంది,
పగటి బాకీ వసూలు చేసుకుంటున్నట్టు.
కుడిచేతికి గుడ్డసంచి కట్టి
మంచం అవతలికి వేలాడేస్తాను.
నిద్రలో తడుముకునే వేళ్ళకి
దొరికేది ఎడమ చెయ్యే.
దానికి తల్లికి ఒకటే చెయ్యి.

యార్డుకి వేసవి సెలవులు ఇంకా పంతొమ్మిది రోజులు.
గోళ్ళ సందుల్లో ఘాటు
ఎన్నాళ్ళకి పోద్దో
రేపు ఖాసింబీని అడగాలి.