రిబ్బను తీసేసి

సోమవారం తెర మీద నిలువుగీత ఒకటి పడింది.
మంగళవారానికి పదకొండు.
గురువారం మూత తెరిస్తే
వంశధారకి కొత్తనీరొచ్చినట్టు మట్టిరంగు,
దాని కింద అక్షరాల మునకలు.

గుణుపురం తహసీలు ఆఫీసు ఎదర
రేకుల పందిరి కింద నా బల్ల.
తెలుగులో చెప్పుకుంటే ఒడియాలో అర్జీ కొడతాను.
పేజీకి ముప్ఫై.
ఏడిస్తే తీసుకోను.

"ఇక్కడవదు దీదీ, బరంపురం పంపాలి,"
అన్నాడు షాపు చిత్తరంజన్.
"రాత్రి బస్సుకి వేస్తాను. ఎనిమిది రోజులు.
రసీదు వెనక పాస్‌వర్డు రాసివ్వండి."

పెన్ను మూత తీశాను.
మళ్లీ పెట్టేశాను.
రేపిస్తానని లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

పాస్‌వర్డంటే నాదే. లోపలున్నవి నావి కావే!
దండాసి రెండో ఆమె పేర పెట్టిన మూడు సెంట్లు,
మొదటామెకి ఇంకా తెలీదు.
తవిటమ్మ వయసు, అసలుదొకటి, పింఛనుదొకటి,
"రెండూ నీ కడుపులోనే ఉంచీ తల్లీ" అని
చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.
ఆసుపత్రిలో పనిచేసే పిల్ల, పేరు ఇక్కడా రాయను,
పై డాక్టరు మీద నాలుగుసార్లు కొట్టించింది,
నాలుగుసార్లూ ఎవరికీ ఇవ్వకుండా
మడిచి జాకెట్లో దోపుకుని పోయింది.
కాగితం తనతో పోయింది గానీ
ఫైలు నా దగ్గరే ఉండిపోయింది.

నాదీ ఒకటుంది లెండి.
దాని పేరు 'కరెంటు బిల్లులు.'
అవి కరెంటు బిల్లులు కావు.

రాత్రి ఆ మట్టినీటిలో తడుముకుంటూ
ముందు దాన్నే చెరిపాను.
చెత్తబుట్టలోంచీ తీసేశాను.
అప్పుడు గుర్తొచ్చింది:
మూడేళ్ల కిందట ఎవరో తుడిచేసిన పెళ్లి ఫొటోలు
మొత్తం పైకి తీశానని
ఈ చిత్తరంజనే ఒకసారి గొప్ప చెప్పాడు.
చెరపడమంటే గుమ్మం మీది పేరు గోకడమేనా,
మనిషి లోపల కూచునే ఉంటాడా?

ఇదే బల్ల మీద నాన్న టైపుమిషను.
సాయంత్రం లేచేముందు
కార్బను కాగితం ఎండకెత్తి పట్టి నాకు చూపించేవాడు,
నల్లటి దాంట్లో సన్నటి వెలుగు గీతలు,
ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకున్న ఊరి తగాదాలు.
తర్వాత అగ్గిపుల్ల గీసేవాడు.
మిషను పర్లాకిమిడి రిపేరుకి పోతే
రిబ్బను ఊడదీసి చొక్కాజేబులో వేసుకునేవాడు.
ఆ సిరా వదలక అమ్మ చేత తిట్లు.
"మిషనోడు మిషను బాగుచేస్తాడు.
జనం మాటల్తో వాడికేటి పని?"

శుక్రవారం పొద్దున్నే షాపుకెళ్లాను.
"లోపలి డిస్కు తీసి నాకిచ్చెయ్ బాబూ."
"ఫైళ్లు పోతాయని భయమా?"
"పోవనే."

నవ్వాడు.
బోర్లా తిప్పి మరలు ఒక్కొక్కటే విప్పి
టీ సాసర్లో వేశాడు.
పేకముక్కల కట్టంత వెండిరేకు బయటికొచ్చింది.
ఇంతేనా? వీళ్లందరూ ఇంతలోనేనా?
"తెర వెయ్యడానికిది కావాలా?"
"అక్కర్లేదు."
"పాస్‌వర్డు?"
కొంచెం ఆలోచించాడు. "అదీ అక్కర్లేదు."
మరలు కాగితంలో పొట్లం కడుతూ
"పోయిన నెల నా ఫోను బరంపురంలోనే..."
అని ఆగిపోయాడు.
నేను అడగలేదు.

ఆ రాత్రి జీడిపిక్కల బస్తాల మధ్య
ఖాళీ డొల్ల బస్సెక్కింది.
డిస్కు రవికగుడ్డలో చుట్టుకుని
మా బియ్యం డబ్బాలో పడుకుంది.

ఎనిమిది రోజులూ చేత్తోనే అర్జీలు.
వేళ్లు కాయలు కాశాయి, ఒడియా గుండ్రాలు కోడిగుడ్లయ్యాయి.
నాలుగో రోజున తవిటమ్మ వచ్చింది,
బల్ల మీద ఖాళీని చూసి నిలబడిపోయింది.
"మిషనేదమ్మా?"
"బరంపురం పోయింది."
"మరి నా వయసో?"
"ఇంట్లో ఉంది."
"రెండూనా?"
"రెండూ."
అప్పుడు కూచుంది.