మా ఊరి ప్రింటు

నిన్న రాత్రి మళ్ళీ చూస్తి ఆ బొమ్మను,
అరచేతిలో పట్టేంత తెర మీద,
ఫోనును రైసుకుక్కర్‌కు ఆనించి నిలబెట్టి.
ఎన్నోసారో లెక్క లేదు.
పద్నాలుగు దాకా గోడ మీద బొగ్గుతో గీసింటి,
ఆ గోడకు సున్నం కొట్టిరి.

ఆదోని చంద్రకళ టాకీసుకు వచ్చేసరికే
అది ఎన్ని ఊర్లు తిరిగిందో ఏమో,
ఒళ్ళంతా గీతలు, వాన పడతాన్నట్ల.
ఆ మూడేండ్లు మా ఊర్లో వాన పడిందంటే
ఆ తెర మీదనే.

జిన్నింగు మిల్లులో షిఫ్టు దిగి
మొగం గూడ కడుక్కోకుండ ఉరుకుతాంటిమి
నేనూ ఉరుకుందమ్మా.
నేల టికెట్టు, ఆడోళ్ళ పక్క.
మిషన్ రూము బొక్కలోనుంచి వచ్చే వెలుగులోకి
మా తలల్లోని దూది లేచి ఎగురుతాండె,
ఆ హీరోయిన్ చెంప మీద నీడలై పారాడుతాండె.

పదకొండో రీలు.
రైలు కదిలే ముందర
తలుపు కాడ నిలబడి వాడు అడుగుతాడు,
"నాతో వస్తావా?"
ఆమె పెదవి విడుతుంది,
టక్కుమని
బొమ్మ ఎగిరి దూకుతుంది.
రైలు లేదు, వాడు లేడు.
ఖాళీ పట్టాల మీద ఒక మేక.

ఆడ ఫిలిం కాలిందంట.
ఆపరేటర్ మాబూ సాబ్ కత్తిరించి అతికినాడంట
ఆరడుగులు,
ఒక మనిషిని పండబెట్టేంత.
ఏముండె అందులో అని అడిగితే బీడీ తీసి
"నేను బొమ్మ చూడనమ్మా, వెలుగు చూస్తా" అనె.

"రాననింది మే! గడ్డం ఎట్ల పైకెత్తిందో చూల్లేదా?"
"వస్తాననింది. రైలే ఆగలేదు."
పత్తి ఏరుతా, బోరింగు కాడ బిందె నిండేలోగా,
ఉగ్గాని మధ్యలో బజ్జి కొరికి ఆపి
ఇదే తగువు.
ఒకసారి మూడు నెలలు మాటల్లేవు.
ఒక ఆదివారం టీవీలో వేసిరి,
సరిగ్గా స్టేషను వచ్చేసరికి కరెంటు పాయ.

ఆ గడ్డం చూసే గదా ఉరుకుందమ్మ
కోసిగి సంబంధమోళ్ళ ముందర కూచోని
ఒక్క మాటలో వద్దనింది.
నేను, లారీ ఎక్కి పిలిచినోని వెంట
సంచి తీసుకోని పోతి.
ఆరేండ్లకు అదే సంచితో తిరిగి వస్తి.
ఎవరి తప్పూ లేదు,
బొమ్మ తప్పు అసలే లేదు.

నిన్న చూసింది కొత్తగా కడిగిన ప్రింటంట.
గీతల్లేవు. వాన లేదు.
ఆమె ముక్కుపుల్ల రాయి పచ్చదని
ఇన్నేండ్లకు తెలిసె.
ఆ చోటు వచ్చింది.
దూకడానికి నేను తయారుగా ఉంటి,
బొమ్మ దూకలేదు.
పెదవి విడిచింది,
చెవి కాడ చెయ్యి పెట్టుకొనింది,
"ఏమిటీ? వినపడటం లేదు!" అనింది.
రైలు కూత.
వాడు నవ్వి చెయ్యి ఊపినాడు.
తర్వాత మేక.

ముందు నవ్వొచ్చింది.
అన్నంలో నీళ్ళు పోసి మూత పెట్టి,
మూత తీసి, మళ్ళీ పెట్టి,
పదకొండు దాటినా ఫోను చేస్తి.
"పండుకొన్నావా మే? ఆమె ఏమనిందో చూస్తి."

అవతల ఫ్యాను చప్పుడు.
"అతికినాక గూడ బొమ్మ బాగనే ఆడింది గదా," అనింది,
"ఇంగ చెప్పొద్దులే."

కాసేపటికి తనే అడిగె:
"మేక ఉందా?"
"ఉండాది."
"రంగేమి?"
"నలుపు. ఒక కాలు మాత్రం తెలుపు."
"మనకు ఎర్రగా కనపడుతాండె."
"మన ప్రింటులో అన్నీ ఎరుపే గదా."

పెట్టేసిందనుకుంటి. పెట్టలేదు.
ఆ మేక పట్టాలు దాటేదాకా
ఇద్దరం లైన్లోనే ఉంటిమి.