ఒంటికి

నాలుగ్గంటలకోసారి కోడి కూస్తుంది,
ఫోన్లో. రువీలో, మూడో అంతస్తులో ఇంకే కోడి కూస్తుంది?
మూడింటికి, ఏడింటికి, పదకొండింటికి.
ఎదుటి మసీదులో అజాన్ వేళలు
ఎండతో పాటు జరుగుతుంటాయి. మావి జరగవు.

మోచేతుల దాకా చేతులు కడుక్కుంటాను.
కొబ్బరీనె కంటే కాస్త లావు గొట్టం.
కెజియా ఫ్యాను రెక్కలు లెక్కపెడుతుంది.
మూడే. అయినా ప్రతిసారీ మొదట్నించీ.
గిన్నెలో చప్పుడు మొదలౌతుంది.
నోటుబుక్కులో రాస్తాను: నూట నలభై.

*

ఖుర్మ్‌లో విల్లా. రెండేళ్ల ముహన్నద్.
వాడి ఉచ్చ తుడిచాను, చొంగ తుడిచాను,
వాడు నమిలి ఉమ్మిన ఖర్జూరం
పారేయడానికి మనసొప్పక నోట్లో వేసుకున్నాను.
పిల్లల ఎంగిలి ఎంగిలి కాదనేది మా మామ్మ.
నాకప్పుడు మూడో నెల.
రెండ్రోజులు ఒళ్లు వెచ్చబడింది,
పెనడాల్ వేసుకుని ఇస్త్రీ చేశాను.
అంతే.
జరిగిందంతా అంతే.

దాని పేరుకి నోరు తిరగడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.
సైటోమెగలో.
ముహన్నద్‌కి ముక్కు కూడా కారలేదు.

*

మా వైపు పసివాళ్లని పాదాల మీద కూచోబెట్టుకుని
"స్స్స్" అంటారు తల్లులు.
ఆ చప్పుడికి పోసేస్తారు పిల్లలు, ఎవరూ నేర్పకుండానే.
నేనూ అన్నాను,
పళ్ల సందుల్లోంచి గాలంతా అయిపోయేదాకా.
కుక్కరు కూతకే ఉలిక్కిపడని పిల్ల.
చెవి వినలేదు, సరే.
కడుపు కింది సంచీ కూడా వినలేదు.
నిండుతుంది. నిండినట్టు ఎవరికీ చెప్పదు.
కొంచెం కారుతుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది,
ఉన్నది మురుగుతుంది,
జ్వరం నూట మూడు.

డాక్టర్ బద్రియా కాగితం మీద వెన్నుపూసలు గీసింది,
వాటి కిందనుంచి ఒక దారం, దారం చివర సంచీ.
దారం మధ్యలో చుక్క పెట్టి, పెన్ను ఆపి,
"బహుశా ఇక్కడ" అంది.
ఆ బహుశా అన్నందుకే ఆవిడంటే నాకు గురి.
తప్పెవరిదని అడిగాను.
తప్పుకి అరబ్బీ మాట నాకు బాగా వచ్చు,
విల్లాలో రోజూ పడ్డదే.
ఆవిడ బదులు చెప్పలేదు.
చేతులెలా కడుక్కోవాలో ఇంకోసారి చూపించింది.

*

ప్రభుదాసు నీళ్ల ట్యాంకరు తోలతాడు.
వాల్వు తిప్పితే ఐదువేల గ్యాలన్లు దిగాల్సిందే.
మొదటి నెల్లో గొట్టం చూసి
బయటికి పోయి మెట్ల మీద కూచున్నాడు.
ఇప్పుడు డ్యూటీలోంచి ఫోన్ చేస్తే
తిన్నావా అనడు. "ఎంత?" అంటాడు.
"నూట అరవై."
"మంచిదే." పెట్టేస్తాడు.

బళ్లో పిల్లలు చిటికెన వేలు చూపిస్తారు,
ఒంటికి అని.
టీచరు తలూపితే పరిగెడతారు.
మా పిల్లా ఎత్తిందట ఓ రోజు,
ఏమీ తెలియకపోయినా,
వాళ్లతో పాటు పరిగెత్తడానికి.

*

ఏడో ఏడు వచ్చింది. నిన్న పదకొండింటి కోడికి
గొట్టం, అద్దం, జెల్లీ తనే తీసుకుని
నన్ను బాత్రూం బయటికి నెట్టింది.
గడియ వద్దన్నాను. గడియే కావాలంది.

తలుపుకి చెవి ఆనించాను.
కుళాయి. సబ్బు. కిందపడ్డ మూత.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక శబ్దం, నీళ్లది కాదు.
చెవి మిషను తీసి స్టూలు మీద పెట్టే ఉంటుంది, తడుస్తుందని.
నా పెదాలు చూసి పట్టుకుందో,
మెడ మీద తగిలిన గాలిని బట్టి పట్టుకుందో,
తనకి వినపడని
"స్స్స్"
తనకి తనే అనుకుంటోంది.

ఫోన్ మోగింది.
"ఎంత?"
"ఉండు" అన్నాను. "ఇంకా చెప్పలేదు."