తవిటమ్మ పెట్టె

ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదని
మూడోదాన్ని చేటలో పడుకోబెట్టి
కుంచెడు తవుడుకి పక్కింటికి అమ్మి
మళ్ళీ కొనుక్కున్నారట.
అందుకని తవిటమ్మ.
డీజే పెట్టె మీద మాత్రం వెండి రేకు అక్షరాల్లో
'తాన్యా' అని ఉండేది.
అతికించింది నేనే.
యావత్తు కొంచెం పక్కకి ఒరిగింది.

నేను జనరేటరు మనిషిని.
ఆమె పాట నాకెప్పుడూ వెనకనించే,
డీజిలు వాసనతో కలిసి,
ఇరవై రెండేళ్ళు.

వాళ్ళ నాన్న దాలినాయుడిది నరసన్నపేటలో మైకుసెట్టు.
పెళ్ళికి, చావుకి, పోలియో చుక్కలకి
ఆ గుంటదే గొంతు.
"కుడి కొమ్ము విరిగిన గేదె,
మెడలో పసుప్పచ్చ తాడు,
చూసినవారు కట్టేసి కబురు చేయవలెను"
అని రిక్షాలోంచి చెప్తుంటే
గేదె పోయినవాడు కూడా
ఏడుపాపి వినేవాడు.

భావనపాడు నుంచి ఓడల్లోకి పోయిన మైలపిల్లి ఎర్రయ్య
సెలవుకొచ్చి ఒక క్యాసెట్టిచ్చాడు.
మార్సెయ్ రేవులో కొన్నాడట.
అట్ట మీద పొట్టి జుట్టు ఆడమనిషి,
ఒక చెవి మూసి, ఒక చెవి తెరిచి.
"రాత్రి క్లబ్బులో పాటలు తిప్పుతాదట,
మధ్యలో తనే పాడతాదట."
"రాత్రంతానా? మరింట్లో ఏటీ అనరా?"
తవిటమ్మ అడిగింది అదొక్కటే.

రీలు నలిగి తెగితే గోళ్ళరంగుతో అతికించుకుని విన్నది.
మాట తెలీదు,
మాట ఎక్కడ తెగుతుందో తెలుసు.
ఆ మనిషి ఊపిరి ఎక్కడ దొంగతనంగా తీస్తుందో తెలుసు.
నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది.
ముక్కులోంచి వచ్చే అక్షరాలకి
సున్నా పెట్టి, దాని మీద ఇంకో చుక్క.

ఏ ఊరి అమ్మోరి పండగో మరిచాను.
తప్పెటగుళ్ళవాళ్ళు ఆడి ఆడి
రేకులు విప్పి చెమట తుడుచుకుంటున్నారు.
వాళ్ళ దెబ్బ అప్పటికే పట్టుకుంది తవిటమ్మ.
దాన్ని కింద పరిచి
పైన ఆ పాట ఎత్తుకుంది.
నాకు చెయ్యి వణికి డీజిలు ఒలికింది.
తప్పెట పెద్దాయన లేచి నిలబడ్డాడు,
తన అడుగే తనకి పరాయిగా వినపడి.
"ఏ భాషరా ఇది?"
"పర్లాకిమిడి వైపుదయ్యుంటాది."
అంతే, ఊరంతా ఆడింది.

టెక్కలిలో ఓ ఊరేగింపు రాత్రి
ఒకడు లారీ ఎక్కి చెయ్యి పట్టుకున్నాడు.
పాట ఆపింది. మైకు తీసింది. పాత రిక్షా గొంతు:
"ఎర్ర చొక్కా, మెడలో వెండి గొలుసు,
ఒకటి తప్పిపోయి లారీ ఎక్కినది.
తమదైనవారు కట్టేసి తోలుకుపోవలెను."
పెళ్ళికొడుకు కూడా నవ్వాడు.
ఆ నెల మాకు మూడు బేరాలు తప్పాయి.

తర్వాత తుపాను.
అప్పు తీరని పెట్టెల్లోకి ఉప్పునీళ్ళు.
ఆరు రోజులు నా జనరేటరు
ఊరి ఫోన్లకి దాణా పెట్టింది.
ఆమె గట్టు మీద నిలబడి
బియ్యం బండి ఎటొస్తుందో,
ఎవరు బతికున్నారో, చదివింది.
పాడలేదు.
పాడమని ఒక పిల్ల అడిగింది.
అప్పుడు కూడా.

ఇప్పుడు పెన్‌డ్రైవు కుర్రాళ్ళు.
పది దాటితే పోలీసు జీపు.
పెట్టెలకేసి తెరిచి ఉంచిన చెవి పోయింది,
మూసుకున్నది మిగిలింది.

మొన్న విశాఖలో ఫ్రెంచి చదువుతున్న మా కోడలి చెల్లెలు
నోటుబుక్కు చూసి నవ్వాపుకుని
"అర్థం చెప్పనా పెద్దమ్మా?" అంది.
"వద్దమ్మా.
నానొకటి పెట్టీసినాను.
అది మీదే ఇన్నాళ్ళు పాడినాను."

ఏం పెట్టుకున్నావని అడిగాను.
చెవిటి వైపు కూచున్నాను కాబోలు.
మోచేతికీ బొటనవేలికీ మధ్య
వైరు చుట్టుకుంటూనే ఉంది.